అతని పని మీ సంచీలో ఇంటికి వస్తోంది

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు రెండు మూడు నేనే మార్చాను.

ఆమెకు నలభై నాలుగేళ్లు. మందుల హోల్‌సేల్ సంస్థలో అకౌంట్స్ విభాగం చూస్తారు. గోడౌనూ ఆఫీసూ కలిపి అరవై మందికి పైగా సిబ్బంది, ఆమె కింద ఐదుగురు. ఆ ఐదుగురిలో ఒకతనికి ముప్పై ఒకటేళ్లు, ఏడేళ్లుగా అక్కడే పనిచేస్తున్నాడు. సరుకు ఇన్వాయిసులు కంప్యూటర్‌లో ఎక్కించడం, బ్యాచ్ నంబర్లూ ఎక్స్‌పైరీ తేదీలూ సరిచూడటం, గడువు తీరి షాపుల నుంచి వెనక్కి వచ్చిన మందులకు క్రెడిట్ నోట్లు, అంటే షాపు బాకీలోంచి ఆ డబ్బు తగ్గించే కాగితాలు, తయారుచేయడం అతని పని. "ఏ షాపు ఎన్ని రోజులకు డబ్బు కడుతుందో పుస్తకం తీయకుండా చెబుతాడు" అని రాశారామె. అలాంటివాడి పనిలో ఏడాదిన్నరగా తప్పులు దొర్లుతున్నాయి. 8 ఉన్నచోట 3 పడుతోంది. ఒక మందు ఎక్స్‌పైరీ తేదీ పక్క మందుకు చేరుతోంది.

పోయిన దసరా ముందు టీ తాగుతుండగా అతనే చెప్పాడట. చిన్నప్పటి నుంచి రేచీకటి ఉంది. రెటీనా, అంటే కంటి వెనక పొర, దెబ్బతినే రెటినైటిస్ పిగ్మెంటోసా అని డాక్టర్లు తేల్చారు. నయం చేసే మందు లేదు, చూపు నెమ్మదిగా తగ్గుతూ పోతుందన్నారు. "అక్కా, సార్‌కి మాత్రం చెప్పకండి. ఉద్యోగం పోతే పాప ఫీజు కూడా కట్టలేను" అన్నాడు. ఆమె మాట ఇచ్చారు.

అప్పటి నుంచి ప్రతి నెలాఖరుకూ అతని ఫైళ్లు సంచీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్తున్నారు. రాత్రి పదకొండు, పన్నెండు దాకా ఒక్కో వరుసా సరిచూస్తున్నారు. భర్త విసుక్కుంటున్నారు: "జీతం ఒకరికి, చాకిరీ ఇంకొకరికా?" ఆఫీసులో సణుగుడు వేరే. నెలాఖరున అందరూ రాత్రి దాకా కూర్చుంటే, చీకటి పడకముందే బైకు మీద ఇంటికి చేరాలని అతను ఐదింటికే వెళ్లిపోతాడు. "ఫోనులో చీమంత అక్షరాలు చదువుతాడు, నడిచే దారిలో అట్టపెట్టె కనిపించదా?" అని వెనక నవ్వుకుంటారు.

పోయిన నెల గడువు దగ్గరపడిన సిరప్ ఒక షాపుకు వెళ్లిపోయింది. పంపేముందు సంస్థ లెక్కల్లో దాని తేదీ వేరేగా ఉంది. సరుకు వెనక్కి వచ్చింది, ₹23,000 క్రెడిట్ నోటు ఇవ్వాల్సి వచ్చింది, షాపతను నాలుగు మాటలన్నాడు. ఎవరు ఎక్కించారని యజమాని అడిగితే ఈమె "చూస్తాను సార్" అన్నారు. "ఎవరో తేల్చండి. మూడు నెలల జీతం చేతిలో పెట్టి పంపేద్దాం. మనం ధర్మసత్రం నడపడం లేదు" అన్నాడాయన. రెండు వారాల గడువిచ్చాడు.

"చెబితే ఆ అబ్బాయికి ద్రోహం, చెప్పకపోతే నన్ను నమ్మి తాళాలు అప్పగించిన మనిషికి ద్రోహం. నేనేం చేయాలి?" అని అడుగుతున్నారు. ఉత్తరం చివర మరో రెండు లైన్లు ఇరికించి రాశారు: "వెలుతురు బాగా తగులుతుందని అతని బల్లను కిటికీకి ఎదురుగా వేయించాను. అప్పటి నుంచి ఇంకా ఇబ్బంది పడుతున్నట్టున్నాడు. అదీ తప్పేనా?"

కిటికీ సంగతి చివర చెబుతాను. మీరు దాన్ని చివర పెట్టారు కాబట్టి కాదు, అసలు విషయమంతా అందులోనే ఉంది కాబట్టి.

ముందు బైకు. తోటివాళ్ల సణుగుడు గురించి రాస్తూ ఆ మాట యథాలాపంగా దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. రేచీకటి ఉన్నవాళ్లు చీకట్లో బండి నడపకూడదని అందరికీ తెలుసు. ఈ జబ్బులో పగలూ ప్రమాదమే. చూపు అంచుల నుంచి మధ్యకు కుంచించుకుపోతుంది. ఎదురుగా వచ్చే లారీ కనిపిస్తుంది. పక్క సందులోంచి దూసుకొచ్చే ఆటో కనిపించదు, రోడ్డు దాటబోయే పిల్లవాడు కనిపించడు. తనకు కనిపించడం లేదన్న సంగతి కూడా అతనికి తెలియకపోవచ్చు. ఎందుకంటే చూపు పోయిన మేర నల్లగా ఉండదు, అక్కడ ఏమీ లేనట్టే అనిపిస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఐదింటికి రోడ్డు ఎలా ఉంటుందో నేను మీకు చెప్పనక్కర్లేదు.

అందుకని ఉద్యోగం విషయం ఎటు తేలినా బండి విషయం రేపే మాట్లాడండి. మీరిచ్చిన మాట యజమానికి చెప్పనన్నది. అతనితోనే మాట్లాడటానికి అది అడ్డు రాదు. "బండి మానెయ్" అని ఆజ్ఞాపిస్తే తలూపి, మర్నాడు రెండు వీధుల అవతల బండి పెట్టి నడిచి వస్తాడు. బండి వదిలితే ఇంటికి ఎలా చేరతాడు, ఏ బస్సు, ఎవరి వెంట, నెలకు ఎంతవుతుంది అన్నది ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి. ముప్పై ఒకటేళ్లకు బండి వదలడం చిన్న విషయం కాదు. కాసేపు మౌనంగా ఉండిపోతే ఉండనివ్వండి.

ఇక ఫోనూ అట్టపెట్టే. మీ ఆఫీసువాళ్లు నవ్వుకుంటున్న ఆ సంగతే ఈ జబ్బు అసలు గుర్తు. ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. గొట్టం చివర ఉన్న అక్షరం ఎంత చిన్నదైనా కనిపించవచ్చు. కాలి దగ్గరున్న పెట్టె గొట్టానికి బయట ఉంది. చాలామందికి మధ్య చూపు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే చూసేవాళ్లకు నటిస్తున్నాడనిపిస్తుంది, అతనికేమో నిరూపించుకోలేక సిగ్గనిపిస్తుంది.

పక్క మందు తేదీ ఎందుకు పడుతోందో కూడా దీనితోనే తెలుస్తుంది. మీ స్టాకు షీటులో ఎడమ చివర మందు పేరు, కుడి చివర ఎక్స్‌పైరీ ఉంటాయి కదా. మనకు వరుస మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. అతని చూపు ముక్కలుగా జరుగుతూ వెళ్లాలి. ఎడమ నుంచి కుడికి వెళ్లేలోపు ఒక వరుస కిందికి జారితే పట్టుకునేందుకు ఆధారం లేదు. అతనికి లెక్క రాక జరిగిన తప్పు కాదు ఇది. 8 బదులు 3 పడటం వేరే సంగతి. వెలిసిపోయిన ప్రింటులో బూడిద రంగు అంకెలు తెల్ల కాగితంలో కలిసిపోతాయి, ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఆ తేడా పట్టడం మరీ కష్టం. దానికి తోడు ఈ జబ్బుతో పాటు కొందరికి చిన్న వయసులోనే శుక్లం వస్తుంది, కొందరికి రెటీనాలో వాపు వస్తుంది. ఆ రెండింటికీ చికిత్స ఉంది. అసలు జబ్బుకు మందు లేదన్నారని అతను కంటి డాక్టరు గడప తొక్కి ఎంత కాలమైందో అడగండి. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆసుపత్రి మీకు దగ్గర్లో తాడిగడపలోనే ఉంది. చూపు తగ్గినవాళ్లకు ఉన్న చూపుతో పని చేసుకోవడం నేర్పే విభాగం కూడా ఆ సంస్థకు ఉంది.

ఇప్పుడు మీ సంచీ గురించి. మీకు నచ్చకపోయినా చెప్పాలి.

మీరు చేస్తున్నది మంచి మనసుతోనే. దానివల్ల జరుగుతున్నది మాత్రం వేరు. నెల నెలా మీరు తప్పులు దిద్దేస్తుంటే, ఏ పనిలో తప్పు వస్తోంది, ఎందుకు వస్తోంది అన్నది ఎవరికీ తెలియకుండా పోతోంది, అతనితో సహా. మీ కన్ను పడని ఒక్క వరుస సిరప్ రూపంలో షాపుకు వెళ్లింది. ఆ షాపతను చూసుకున్నాడు కాబట్టి వెనక్కి పంపాడు. మందుల వ్యాపారంలో ఎక్స్‌పైరీ తేదీ తప్పుపడటం జాలితో సర్దుకోగల తప్పు కాదు. ఆ సీసా చివరికి చేరేది ఎవరో ఒక పిల్లవాడి చెంచాలోకి. యజమాని కోపం పద్ధతి బాగాలేదు గానీ, కోపానికి కారణం ఉంది.

నా సంగతి ఒకటి చెబుతాను. నాకు ఎడమ చెవి ముప్పై ఎనిమిదో ఏట నుంచి వినబడటం తగ్గింది. అప్పుడు పనిచేసే చోట పై అధికారి దయగల మనిషి. "మీటింగుల్లో మీకెందుకండీ శ్రమ, తర్వాత నోట్స్ పంపిస్తాను" అన్నారు. నిజంగానే పంపేవారు. రెండేళ్ల తర్వాత పదోన్నతుల జాబితాలో నా పేరు లేదు. కారణం అడిగితే, నిర్ణయాలు తీసుకునే చోట నేను కనిపించలేదట! నాకు కావలసిందల్లా అందరి ముఖాలూ కనిపించే చోట ఒక కుర్చీ, మాట్లాడేవారి వెనక కిటికీ వెలుతురు లేకుండా ఉండటం. వెనక వెలుతురుంటే పెదాలు చీకట్లో పడతాయి. రూపాయి ఖర్చు లేని పని. ఆయన అడగలేదు, నేనూ నోరు తెరవలేదు. తప్పు ఇద్దరిదీ అని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు మాత్రం ఆయనదే అనుకున్నాను.

మీ ముందున్న దారులు ఏమిటో చూద్దాం.

ఇప్పటిలాగే నెట్టుకురావచ్చు. యజమానికి ఏదో సర్దిచెప్పి, తప్పు మీ మీద వేసుకుని, సంచీ మోస్తూ. ఇది ఎన్నాళ్లు సాగుతుందో నాకంటే మీకే తెలుసు. అతని చూపు ఇంకా తగ్గుతుంది, సంచీ ఇంకా బరువవుతుంది. బయటపడిన రోజున అతనితో పాటు మీ ఉద్యోగమూ ఊగుతుంది. అప్పుడు అతని తరఫున మాట్లాడే మనిషి కూడా ఉండరు.

అతనికి తెలియకుండా యజమానికి చెప్పేయవచ్చు. రెండు వారాల గడువు తరుముతుంటే ఇదే తేలికనిపిస్తుంది. వద్దంటాను. మాట తప్పడం ఒక్కటే కారణం కాదు. మీరు చెబితే యజమాని చెవిన పడేది "అతనికి కళ్లు కనిపించవు" అన్న ఒక్క ముక్క. ఏం కనిపిస్తుంది, ఏది మారిస్తే పని సాగుతుంది అన్నది మీకే తెలియదు, మీరు ఆయనకు ఏం చెప్పగలరు?

మూడోది కాస్త శ్రమ. ముందు అతనితో కూర్చోండి, టీ కొట్టు దగ్గర కాదు, తలుపు వేసుకుని. దాచకుండా చెప్పండి: "తప్పులు ఎవరివని సార్ అడిగారు. రెండు వారాల్లో నేను సమాధానం చెప్పాలి. అబద్ధం చెప్పను. నీ కంటి సంగతి నేను చెప్పను, నువ్వు చెబితే పక్కన ఉంటాను." ఇది బెదిరింపులా వినిపించకుండా ఎలా చెప్పాలో మీకు తెలుసు, ఏడేళ్లుగా అక్కా అని పిలిపించుకుంటున్నారు. ఇక్కడ రెండు విషయాలు విడదీయండి. తప్పులు సంస్థ వ్యవహారం, వాటిని దాచే హక్కు మీకు లేదు. జబ్బు అతని సొంత వ్యవహారం, దాన్ని చెప్పే హక్కు మీకు లేదు. మీరు ఇన్నాళ్లూ ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి మోస్తున్నారు కాబట్టే ఎటు కదిలినా ద్రోహంలా కనిపిస్తోంది.

అతను ఒప్పుకుంటాడా? వెంటనే ఒప్పుకోకపోవచ్చు. అందుకే యజమాని గదికి వెళ్లేలోపు ఒక వారం వేరే పని పెట్టుకోండి. అతనికి ఏది పనికొస్తుందో ఇద్దరూ ప్రయత్నించి చూడండి. చేతిలో ఫలితం ఉంటే అతనికి ధైర్యం వస్తుంది, మీకు మాట వస్తుంది.

ఏం ప్రయత్నించాలంటే, చూపు తక్కువ అనగానే అందరికీ తోచేది అక్షరాలు పెద్దవి చేయడం. చూపు గొట్టంలా మారినవాళ్లకు అది ఎదురు తన్నవచ్చు. అక్షరం పెద్దదైతే ఆ గొట్టంలో పట్టే అక్షరాలు తగ్గుతాయి, వరుస మరీ పొడవవుతుంది. కొందరికి చిన్న అక్షరాలే హాయి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొందరికి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. షీటులో మందు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ మూడు గడులూ పక్కపక్కనే ఉండేలా జరిపి, మిగతావి దాచేయండి. ఉన్న వరుసకు రంగు వచ్చేలా పెట్టండి. మౌస్ బాణాన్ని వెతుక్కోవడంలోనే సగం పొద్దు పోతుంది, దాన్ని పెద్దది చేయండి, వీలైనంత పని కీబోర్డు మీదే సాగేలా చూడండి. తెర మీది అక్షరాన్ని పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియన్లు మొదలుపెట్టారు దాన్ని. ఇప్పుడే అవసరం లేకపోవచ్చు, చూపు ఇంకా ఉండగానే చెవితో పని నేర్చుకోవడం తేలిక. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దానితో కలిసి పనిచేస్తుందో లేదో మాత్రం ముందు చూసుకోండి, అన్నీ చేయవు. ఆఫీసు సర్క్యులర్లు పాత 'అను' ఫాంటులో ఉంటే ఎన్‌వీడీఏ చదివేది తెలుగు కాదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గోల. ఫోనుల్లో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడ్‌ తెలుగులో టైపు చేయించండి. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టిన కాగితాన్నయితే అది దానంతట అది చదవదు.

అసలు అన్నిటికంటే ముందు వేయవలసిన ప్రశ్న, ఆ అంకెలు ఒక మనిషి కంటితో చూసి వేలితో కొట్టవలసిన అవసరం ఎంత? 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల ప్యాకుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ అందులోనే ఉంటాయి. కొన్ని వేల రూపాయల స్కానరు అంకెలు పొరపాటు పడకుండా చదువుతుంది. మిగతా మందులకు, కంపెనీలు ఇన్వాయిసును ఎక్సెల్ ఫైలుగా మెయిల్ చేయగలిగితే నేరుగా ఎక్కించుకోవచ్చు. మీ దగ్గర మంచి చూపున్నవాళ్లు కొట్టే అంకెల్లో తప్పులు లేవా? ఒకసారి లెక్క తీయండి. నాకు అనుమానమే.

ఒక పరీక్ష పెట్టుకోండి. ఇరవై ఇన్వాయిసులు ఇప్పటి పద్ధతిలో, ఇరవై మార్చిన పద్ధతిలో. ఎంత సమయం పట్టింది, ఎన్ని తప్పులు వచ్చాయి, కాగితం మీద రాయండి. మార్చిన పద్ధతిలోనూ తప్పులు తగ్గకపోతే అదీ నిజాయితీగా రాయండి. అప్పుడు ఎక్స్‌పైరీ నమోదు అతని నుంచి తీసి, బకాయిల వసూలు, షాపులతో ఫోను వ్యవహారం, కంపెనీల నుంచి రావలసిన క్లెయిముల వెంటపడటం అతనికి ఇవ్వవచ్చు. ఏ షాపు ఎప్పుడు కడుతుందో నోటికి చెప్పే మనిషికి అది తక్కువ పని కాదు. ఒక్కటి చూసుకోండి, పని మారినప్పుడు జీతం, హోదా తగ్గకూడదు. చూపు పోయిందనగానే మనిషిని ఫోను పక్కన కూర్చోబెట్టి మరిచిపోవడం మన ఆఫీసులకు బాగా అలవాటైన పని.

నెలాఖరు రాత్రుల సంగతి సులువు. అతను ఉదయం ఏడున్నరకు వస్తాడు, వెలుతురుండగా వెళ్తాడు, గంటలు సమానం. మిగతావాళ్లకు కోపం అతను ఐదింటికి వెళ్తున్నందుకు కాదు, ఎందుకు వెళ్తున్నాడో ఎవరూ చెప్పనందుకు. కారణం చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం. వేళలు మారాయని, గంటలు తగ్గలేదని చెప్పడం మీ పని. గోడౌన్ వాళ్లకు మాత్రం ఎవరి పేరూ ఎత్తకుండా ఒక కట్టడి పెట్టండి: దారిలో పెట్టెలు ఉండకూడదు, తలుపులు పూర్తిగా తెరిచో పూర్తిగా మూసో ఉండాలి, మెట్ల అంచులకు పసుపు పట్టీ వేయాలి. సగం తెరిచిన తలుపు అంచు ఈ చూపుకు కనిపించదు, నేరుగా నుదుటికే తెలుస్తుంది.

యజమాని దగ్గరకు వెళ్లినప్పుడు జాలి మాటలు వద్దు. ఆయన ధర్మసత్రం అన్న మాటలోనే ఉంది, సాయమంటే ఆయనకు ఖర్చు. మీరు అకౌంటెంటు, లెక్కే చూపించండి. ఇరవై ఇన్వాయిసుల కాగితం, స్కానరు ధర, మూడు నెలల జీతం, కొత్త మనిషిని తీసుకుని ఏడేళ్ల పని నేర్పడానికి పట్టే కాలం. మాట్లాడేది అతను, మీరు పక్కన. పనికి సంబంధించినంత వరకు చెబితే చాలు, జబ్బు చరిత్ర మొత్తం విప్పనక్కర్లేదు. చెప్పినది రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ అతని దగ్గర ఉంచుకోవాలి. నోటిమాటగా అడిగిన కోరిక రేపు ఎవరికీ గుర్తుండదు.

ఆయన ససేమిరా అంటే చట్టం ఎంతవరకు వస్తుంది? ఉన్నదీ లేనిదీ రెండూ చెబుతాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, అదే జీతంతో వేరే పని ఇవ్వాలి అని 20వ సెక్షన్‌లో స్పష్టంగా ఉన్నది ప్రభుత్వ సంస్థల గురించి. ఆర్టీసీలో మెడికల్ అన్‌ఫిట్ అన్న మాట మీరు వినే ఉంటారు. రంగులు గుర్తుపట్టలేడని 2016లో ఇంటికి పంపిన ఒక డ్రైవరుకు అదే స్థాయి జీతంతో తగిన ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ఆ తీర్పు మీ యజమానిని నేరుగా కట్టేయదు, అలా అని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయితే ప్రైవేటు సంస్థ కాబట్టి చట్టమే లేదనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం రాసి, అందరికీ కనిపించేలా ప్రకటించాలి. పరికరాలు, అడ్డంకులు లేని ఆవరణ, ప్రత్యేక సెలవులు, ఈ వ్యవహారాలు చూసే ఒక అధికారి, ఇవన్నీ అందులో ఉండాలి. మీ దగ్గర అరవై మంది ఉన్నారు. నోటీసు బోర్డు మీద అలాంటిది ఉందా? చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి ₹10,000 దాకా, ఆ తర్వాత ₹50,000 నుంచి ₹5 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే వీలుంది. ఈ మాటలతో సంభాషణ మొదలుపెట్టకండి. మొదటి వాక్యంలోనే కమిషనర్ పేరు వినిపిస్తే ఆయన వకీలుకు ఫోను చేస్తాడు, స్కానరు కొనడు. చివరిదాకా జేబులో ఉంచుకోండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది అతనే తేల్చుకోవాలి. చేస్తే గెలవవచ్చు, గెలిచినా ఆ గదిలో పనిచేయడం కష్టం కావచ్చు, ఆ కష్టం పడేది అతనే.

దీనికంతటికీ అతని చేతిలో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంటే మేలు. "అక్షరాలు చదవగలను కదా, నాకెవరిస్తారు" అని అతను అనుకుంటూ ఉండవచ్చు. చూపు ఎంత దూరం అన్నదే కాదు, ఎంత విశాలం అన్నదీ చట్టం లెక్కిస్తుంది. చూపు విస్తీర్ణం 40 డిగ్రీల లోపుంటే అల్పదృష్టి, 10 డిగ్రీల లోపుంటే అంధత్వం. గోడ మీది అక్షరాల పట్టిక చివరి వరుస చదివే మనిషి కూడా చట్టం దృష్టిలో అంధుడు కావచ్చు. అందుకే పెరిమెట్రీ అనే చూపు విస్తీర్ణ పరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్లమనండి. స్లాట్ మీ వార్డు సచివాలయంలోనే బుక్ చేస్తారు. సర్టిఫికెట్ మీద శాతం రాసి ఉండటం చూసి అతనికి ఒక పూట మనసు బాగుండదు, ఆ పూటకు పని అప్పగించకండి.

ఇంత చేసినా అతను "ఎవరికీ చెప్పను, ఇలాగే ఉంటాను" అంటే? అప్పుడు సంచీ దించేయండి. యజమానికి "తప్పులు ఫలానా పట్టికలో వస్తున్నాయి, పద్ధతి మారుస్తున్నాను, ఎక్స్‌పైరీ నమోదు ఇకనుంచి స్కానరుతో, ఇద్దరు చూశాకే పైకి" అని చెప్పండి. ఎవరు ఎక్కించారని మళ్లీ అడిగితే పేరు చెప్పాల్సి వస్తుంది, ఆ సంగతి అతనికి ముందే తెలియజేయండి. కారణం మాత్రం మీ నోట రానివ్వకండి. అతను మీ మీద కోపగించుకోవచ్చు. కొన్నాళ్లు అక్కా అనడం మానేయవచ్చు.

ఇక కిటికీ. తప్పు కాదు, తొందరపాటు. ఈ జబ్బు ఉన్న చాలామందికి చీకటి ఎంత కష్టమో ఎదురు వెలుతురు అంత కష్టం. కిటికీకి ఎదురుగా కూర్చుంటే ఎండ కళ్లలో కొడుతుంది, తెర మీద ఏముందో తెలియదు. మీరు మంచి మనసుతో వేయించిన బల్ల కాబట్టి అతను కాదనలేక, చెప్పుకోలేక అక్కడే కూర్చుంటున్నాడు. పరదా వేస్తే సరిపోతుందో, బల్ల పక్కకు తిప్పాలో, పాత చోటే బాగుందో నాకు తెలియదు. సోమవారం పొద్దున్న అతన్నే అడగండి.